నూట ఇరవై మీటర్లు

గురువారం ఉదయం తొమ్మిదింటికి కొత్త బండి ఇంటికి చేరాలని బౌద్ధ గుడిలో పెద్ద భిక్షువు ముహూర్తం పెట్టాడు. అది తప్పితే నెలన్నర దాకా మంచి రోజు లేదన్నాడు. "ముందు కరెంటు మనిషికి ఇల్లు చూపించండి" అని షోరూం అమ్మాయి చెప్పినా బుప్ఫా ఆగలేదు. నెలకు ఏడు వేల భాత్‌ల పెట్రోలు తాగే పాత ట్రక్కును మారకం కింద ఇచ్చేసి, కరెంటు వ్యాను తెచ్చుకుంది. ఇంట్లో ఛార్జి చేసుకుంటే నెలకు పద్దెనిమిది వందలు. సంత కొట్టులో మిరప ముద్దలు అమ్ముకునే మనిషికి ఆ తేడా చిన్నది కాదు.

బండితో ఛార్జరు ఉచితం. బిగింపు కూడా ఉచితమే, మీటరు నుంచి పదిహేను మీటర్ల లోపయితే.

మీటరేమో రోడ్డు పక్క స్తంభానికి ఉంది. ఇల్లు అన్న ప్రయూన్ పంపరపనస తోట వెనక ఉంది. అమ్మ బతికున్న రోజుల్లో చెట్ల కొమ్మల మీదుగా లాగిన సన్నటి తీగే ఇప్పటికీ దిక్కు.

కరెంటు పనివాడు తవీ ఆ తీగను చూసి నవ్వాడు. "అక్కా, దీని మీద బండి పెడితే అన్నం కుక్కరు ఆపెయ్యాలి. రెండూ పెట్టావా, ఇల్లే ఉడికిపోద్ది."

"ఎంతవుద్దో చెప్పు, నవ్వు తర్వాత."

"నూట ఇరవై మీటర్ల లావు తీగ, నాలుగు స్తంభాలు, పెద్ద మీటరు. అరవై ఒక్క వేలు."

చేతి బంగారు గాజులు అమ్మితే ఆ డబ్బు వస్తుంది. కానీ స్తంభాలు పాతాల్సింది అన్న నేలలో.

బుప్ఫా వెళ్లి అడిగితే ప్రయూన్ పండు వలుస్తూ విన్నాడు. జవాబు మాత్రం వదిన లమున్ చెప్పింది. "శని, ఆదివారాలు సంతలో నీ కొట్టు మాకియ్యి. మా పళ్లు రోడ్డు పక్కన ఎండలో వాడిపోతున్నాయి."

"వారం రాబడంతా ఆ రెండు రోజులదే వదినా! ఒక్క ఆదివారం తీసుకో."

"స్తంభాలు కూడా రెండే పాతుకో మరి."

"అన్నయ్యా, నువ్వేం మాట్లాడవే?"

"నన్ను కలపకు చెల్లీ," అన్నాడు ప్రయూన్. "నీ బండి, నీ తీగ."

బుప్ఫా లెక్క వేసుకుంది. వ్యాను వెనక్కిస్తే షోరూం ఎనభై వేలు కోసుకుంటుంది. బయట ఛార్జి చేయిస్తే ఖర్చు పెట్రోలు దరిదాపుల్లోకి వెళ్తుంది, వరసలో గంటసేపు నిలబడాలి. పాత ట్రక్కు అప్పుడే ఎవరికో అమ్ముడుపోయింది. ఎటు కూడినా నష్టమే. ఎంతో ముందే తెలిసిన నష్టాన్ని ఎంచుకుంది. రెండు రోజులూ ఇస్తానని వదినకు సరేనంది.

నెల తిరగకుండా లావు తీగ వచ్చింది. మొదటి శనివారం తెల్లవారేసరికి వ్యాను నిండుగా ఛార్జయి ఉంది. వెళ్లాల్సిన చోటు లేక బుప్ఫా గుమ్మంలో కూర్చుంది.

లమున్ తోపుడు బండి మీద పళ్ల బుట్టలు తోసుకుంటూ వచ్చింది. "బండి ఖాళీగానే ఉందిగా చెల్లీ, వీటిని సంతలో దింపి రా."

"బాడుగ?"

"కరెంటు మా తోట మీదుగానే వస్తోందిగా!"

బుప్ఫా కొత్త స్తంభాల వైపు చూసింది. తర్వాత లేచి, ప్లగ్గు పీకి, వ్యాను వెనక తలుపు తెరిచింది. పదకొండు బుట్టలు. మొదటిది తనే ఎత్తింది.