అర నిమిషం బాకీ

పదకొండేళ్ళుగా ఒక సందేహం నన్ను వదల్లేదు. ఆ రోజు మా చెల్లెల్ని గెలిపించింది నేను మొక్కిన దేవుడా, నా బొటనవేలి గోరా?

మా చెల్లెలు బాక్సర్. ఇరవై ఏడు పోటీలు ఆడి ఇరవై ఏడూ గెలిచింది; అందులో పదహారు నాకౌట్లు. ఛాంపియన్ బెల్టు వచ్చాక ఏడుసార్లు నిలబెట్టుకుంది. ప్రతి పోటీకీ రింగు దగ్గర తన మూలన నీళ్ళ సీసాతో నిలబడేది నేనే. చేతులకు పట్టీ చుట్టేదీ నేనే, చుడుతున్నంతసేపూ లోలోపల జపం చేసుకునేదీ నేనే.

ఆరో పోటీలో ప్రత్యర్థి, ఆస్పత్రిలో నర్సుగా పనిచేసే ఒకావిడ, తనను చావగొట్టింది. నాలుగో రౌండు అయ్యాక చెల్లెలు స్టూలు మీద కూలబడి, నా మొహం కూడా పోల్చుకోలేకపోయింది. ఇంకో రౌండు తట్టుకునేలా లేదు. చెమట తుడుస్తున్నట్టు నటిస్తూ, గ్లవ్ మణికట్టు దగ్గరి టేపును గోరుతో ఊడదీశాను. గంట మోగాక అది వేలాడటం చూసి రిఫరీ పోటీ ఆపి, మళ్ళీ అంటించుకు రమ్మన్నాడు. తాపీగా అంటించాను. అర నిమిషం దొరికింది. ఆ అర నిమిషంలో చెల్లెలు తేరుకుంది. రెండు రౌండ్ల తర్వాత నర్సు పడిపోయింది.

ఇరవై ఎనిమిదో పోటీ మళ్ళీ ఆ నర్సుతోనే పడింది. ఇదే ఆఖరిదని చెల్లెలు అందరికీ చెప్పేసింది. ఓడితే ఇన్నేళ్ళ మచ్చలేని పేరు పోతుంది. బరువు తూచే రోజు పొద్దున ఇక ఉండబట్టలేక ఆ టేపు సంగతి తనకు చెప్పేశాను.

"తెలుసులే అన్నయ్యా," అంది, షూ లేసులు కట్టుకుంటూ.

"తెలిసీ అడగలేదేం?"

"అడిగితే పది రోజులు ఉపవాసం కూర్చుంటావు. నా చేతులకు పట్టీ ఎవరు చుడతారు, మా వదిన చుడుతుందా?" అని నవ్వింది. "అయినా చెప్పాల్సింది నాకు కాదు. వెళ్ళి ఆవిడకి చెప్పు."

వెళ్ళాను. నర్సు తూకం మిషను దిగి స్వెట్టర్ వేసుకుంటోంది. అంతా విని నా చేతివంక చూసింది.

"పదకొండేళ్ళకి గుర్తొచ్చిందా అన్నగారూ? సరే, రేపు మీ చెల్లెల్ని పడుకోబెట్టి నేనే వసూలు చేసుకుంటాలెండి."

మర్నాడు ఆరో రౌండులో చెల్లెలి ఎడమచేతి దెబ్బకు నర్సు తాళ్ళ మీదికి తూలింది. పళ్ళకు పెట్టుకున్న గార్డు ఊడి కింద పడింది. ఇంకొక్క దెబ్బ చాలు. హాలంతా లేచి నిలబడింది. చెల్లెలు రెండడుగులు వెనక్కి వేసి, రిఫరీకి ఆ గార్డు చూపించింది.

"పిచ్చిదానా, కొట్టవే!" మా కోచ్ గొంతు చించుకున్నాడు.

రిఫరీ పోటీ ఆపాడు. నర్సు మూలవాళ్ళు గార్డును ఏ తొందరా లేకుండా కడిగారు. నా జపం ఆగిపోయింది. ఎవరి కోసం చెయ్యాలో తేలలేదు. నర్సు ఊపిరి కూడదీసుకుని వచ్చి చెల్లెల్ని ఉతికేసింది. ఏడో రౌండు కూడా ఆమెదే.

"మీ ఇంటి పుణ్యం దీనికి బాగా వంటబట్టింది," అని కోచ్ నావంక కొరకొరా చూశాడు.

చెల్లెలు మాత్రం వాచిన పెదవితోనే నవ్వింది. "కంగారుపడకండి మాస్టారూ. ఇప్పుడు చూడండి."

తొమ్మిదో రౌండులో చూపించింది. రిఫరీ పది లెక్కపెట్టాడు.

ఇరవై ఎనిమిది. చెల్లెలి చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. నర్సు ఒక చేత్తో నడుం పట్టుకుని మా మూలకొచ్చింది. నీళ్ళ సీసా అందించాను. ఓ గుక్క తాగి, మూతి తుడుచుకుని అంది:

"మీ అర నిమిషం ముట్టింది అన్నగారూ."