పేలకుండానే అరిగిన పిస్తోలు

గన్‌మన్‌గా ఉన్న కానిస్టేబుల్ అంతోని పిస్తోలు ఈ మూడేళ్లలో ఫైరింగ్ ప్రాక్టీసులో తప్ప ఎక్కడా పేలలేదు. అయినా దాని పైన జరిగే ఇనుప తొడుగు, స్లైడ్, వెనక్కి లాగితే నిలవడం లేదు, దానంతటదే ముందుకు జారిపోతోంది. అలాంటిది గన్‌మన్ నడుముకు ఉంటే ఎంత, ఊడితే ఎంత? అందుకే నరసరావుపేట తెచ్చి, ఆయుధాలు బాగుచేసే హెడ్‌కానిస్టేబుల్ ఫిలోమినా ముందు పెట్టాడు.

ఆమె దాన్ని విప్పి, స్లైడ్‌ను ఆపే గాడిని గోటితో తడిమింది.

"అంచు గుండ్రంగా అరిగింది. తూటా లేకుండా స్లైడ్‌ను ఊరికే లాగి వదుల్తన్నావా?"

"లేదక్కా. తుడుచుకుంటా ఉంటా, అంతే. పాతబడి అరిగిందని రాయి. నా తప్పని రాస్తే డ్యూటీ పోయిద్ది."

"తుడిచేటోడు చేత్తో పట్టుకుని మెల్లగా దించుతాడు. తూటా ఉంటే దాన్ని నెట్టుకుంటా పోవాల, జోరు తగ్గిద్ది. ఖాళీగా వదిల్తే ఇనుం ఇనుం గుద్దుకుంటది. ఇది చానా దెబ్బలు తిన్నది అంతోనీ."

అంతోని కాపలా కాసే పెద్దాయన గురజాల దగ్గర ఊళ్లో తన ఇంటి వసారాలోనే పంచాయితీలు చేస్తాడు. ఎదుటివాడు మాట వినకపోతే, "అంతోనీ, కాస్త తుడుచుకోరాదూ?" అంటాడు. అంతోని తూటాలన్నీ తీసేసి, బల్ల మీద కూర్చుని, గుడ్డతో తుడిచి స్లైడ్ వెనక్కి లాగి వదులుతాడు. ఠక్కుమంటుంది. ఎవరికీ గురిపెట్టలేదు, ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. తుడుచుకోవడం తప్పా అని ఇన్నాళ్లూ తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

ఫిలోమినా కాగితం తీసింది. "పాతబడిందనే రాస్తాలే. కొత్తది ఇస్తారు. దాన్నీ ఇట్టానే తుడుస్తావా?"

అంతోనికి మొన్న పంచాయితీకొచ్చిన యల్లమంద గుర్తొచ్చాడు. మిరపచేనికి దారి వదలమని గట్టిగా అడుగుతున్నవాడు, ఆ చప్పుడుకు మాట సగంలో ఆపేశాడు. "మీరెట్టా అంటే అట్టానే అయ్యా," అని లేచాడు. పోతూ పోతూ పెద్దాయనకు కాదు, అంతోనికి దండం పెట్టాడు. అంతోనికి అప్పుడే సిగ్గేసింది. ఇప్పుడు తల కొట్టేసినట్టయింది.

"ఉన్నదే రాయక్కా."

"నాకేం తెలుసు ఉన్నది? నువ్వే రాయి," అని ఆమె కాగితం అతని వైపు జరిపింది.

అరుగుదలకు కారణం అన్నచోట 'శుభ్రం చేసేటప్పుడు' అని రాశాడు. దాన్ని కొట్టేసి, పక్కన 'మనుషుల్ని భయపెట్టేటప్పుడు' అని రాసి సంతకం పెట్టాడు.