తేదీ జాగా

రాయి మీద పేర్లు చెక్కడం నా పని. వంతెన కావచ్చు, నీళ్ల ట్యాంకు కావచ్చు, బస్టాండులో మరుగుదొడ్డి కావచ్చు, ఏది తెరిచినా పక్కన గోడలో ఒక నల్లరాయి ఉంటుంది చూశారూ, అది నాది. చూసి ఉండరు లెండి. ఎవరూ చూడరు.

ముప్పై ఏళ్లుగా ఈ దేశాన్ని ఏలిన వాళ్ల పేర్లన్నీ నా ఉలి కింద నుంచే వెళ్లాయి. ఎవరి పేరులో ఎన్ని వత్తులున్నాయో, ఎవరికి ‘గౌరవనీయులు’ తగిలించాలో, ఎవరికి ఉత్త ‘శ్రీ’తో సరిపెట్టాలో నన్నడగండి. వాళ్లేం చేశారో మాత్రం అడక్కండి. నాకు ఒళ్లు మండుతుంది.

రాయి కాగితం కాదు. ఒక్క దీర్ఘం తప్పు పడితే మొత్తం ముఖమంతా అరగదీసి, నున్న చేసి, మళ్లీ మొదటి నుంచి చెక్కాలి. దానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. అందుకని మా ఇంట్లో రెండు పద్ధతులు. ఒకటి, తేదీ చివర్న చెక్కుతాం. పెద్దవాళ్ల తారీఖులు పూటకోసారి మారతాయి కదా, అందుకని అడుగున అరచెయ్యంత జాగా ఖాళీగా వదిలేస్తాం. దాన్ని తేదీ జాగా అంటాం. ముందురోజు కబురు వచ్చాక, రాయి గోడలో ఉండగానే వెళ్లి ఆ ఒక్క వరసా చెక్కి వస్తాను. రెండోది, మా ఆవిడ చదవకుండా ఉలి పెట్టను.

ఆవిడ చిన్నపిల్లల బడిలో టీచరుగా చేసింది. నేను సుద్దతో రాసిందంతా కింద నుంచి పైకి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి వెనక్కి చదివేది. అంటే ముందు ఊరు, అన్నిటికన్నా ఆఖర్న మంత్రిగారు. తేదీ వరసకి నాతో గోడ దగ్గరకే వచ్చి చదివేది.

“పై నుంచి చదివితే కళ్లు తెలిసిన మాటనే చూస్తాయండీ, ఉన్న అక్షరాన్ని చూడవు” అనేది.

తన తమ్ముడికీ అలాగే నేర్పింది. తల్లి పోతే వాణ్ణి ఈవిడే పెంచింది. మా పెరట్లో పడున్న పాత రాళ్ల మీదే వాడికి అక్షరాలు వచ్చాయి. అంతమంది మంత్రుల పేర్లు దిద్దినందుకేమో, పెద్దయ్యాక పార్టీ మనిషయ్యాడు. ఇరవై ఏళ్లుగా మా ప్రాంతం మంత్రిగారి మీటింగులకి కుర్చీలు వేయడం, పోస్టర్లు అంటించడం, గొంతు బొంగురుపోయేదాకా జై కొట్టడం.

“ఏరా, మీ ఆయనకి నీ పేరైనా తెలుసా?” అనేవాణ్ణి.

“నీకన్నీ ఎగతాళే బావా” అనేవాడు, ముఖం మాడ్చుకుని.

మా ఆవిడకి కాళ్ల వాపులు మొదలయ్యాయి. రెండు మూత్రపిండాలూ పాడయ్యాయనీ, వారానికి మూడుసార్లు మిషను మీద రక్తం శుభ్రం చేయించాలనీ డాక్టర్లు చెప్పారు. మిషన్లేమో నగరంలో ఉన్నాయి. బస్సులో పోను నాలుగు గంటలు, రాను నాలుగు గంటలు. తెల్లారకుండా వెళ్లి, సాయంత్రానికి పిండేసిన గుడ్డలా తిరిగొచ్చేది. అదే జబ్బుతో మా వీధిలో బట్టలు కుట్టే ఒకావిడ కూడా అదే బస్సులో వెళ్లేది. ఇద్దరికీ ఒకే సీటు. ఒకరికి నీరసం వస్తే ఇంకొకరు సంచులు పట్టుకునేవారు. పని లేని రోజున నేనూ వెళ్లేవాణ్ణి. “మీరొచ్చి చేసేదేముంది, కిటికీ పక్కన కూర్చుని నిద్రపోతారు” అని ఆవిడ దెప్పేది.

అంతలో మంచి కబురు వచ్చింది. మా ఊరి ఆసుపత్రికే నాలుగు మిషన్లు ఇచ్చారు. గదికి తెల్లటి పలకలు వేశారు, మంచాలు వచ్చాయి, మిషన్లు వచ్చాయి, నడిపే మనిషి కూడా వచ్చాడు. మా ఇంటి నుంచి పది నిమిషాల నడక. రాయి పని నాకే ఇచ్చారు. ఇక మిగిలింది మంత్రిగారొచ్చి రిబ్బను కత్తిరించడమే. ఆ మధ్యాహ్నం మా ఆవిడ బస్సు సంచి ఉతికి ఆరేసింది. ఇంక దీంతో పని లేదంది.

రాయి మీద రెండు పేర్లు. పైన మంత్రి, కింద సహాయ మంత్రి. సుద్దతో రాసి ఆవిణ్ణి పిలిచాను. కింద నుంచి చదువుతూ వచ్చి, సహాయ మంత్రి దగ్గర ఆగింది.

“అక్షరాలు సరిగానే ఉన్నాయి. కానీ ఈ పేరు లావుగా కనపడుతోందండీ.”

ఆయన పేరు పొట్టిది, నాలుగే అక్షరాలు. వరస నిండకపోతే పన్ను ఊడిన నోరులా ఉంటుంది. అందుకని పొట్టి పేర్లకి అక్షరాలు కాస్త పెద్దవి చేస్తాను. మా పనిలో అందరూ చేసేదే.

“తప్పులు నువ్వు చూడు, అందం సంగతి నేను చూసుకుంటా” అన్నాను.

అన్నాను. ఆ మాట నా నోటితో నేనే అన్నాను.

ప్రారంభానికి రెండు రోజుల ముందు మంత్రిగారి పీఏ వచ్చాడు. జేబులోంచి టేపు తీశాడండీ, కొలతల టేపు! రాయి మీద పరిచి చూశాడు.

“మా సారు అక్షరం రెండంగుళాలు. సహాయ మంత్రిది రెండున్నర. ఎవడు చెప్పాడయ్యా నీకిలా చెక్కమని?”

“ఎవరూ చెప్పలేదు సార్, పేరు పొట్టిది కదా అని...”

“పేరు పొట్టిదా, నీ బుద్ధి పొట్టిదా? దీని పక్కన సారు నిలబడితే రేపు పేపర్లో ఏం రాస్తారో తెలుసా?”

ప్రారంభం వాయిదా వేశారు. నాలుగు రోజుల్లో రాయి అరగదీసి, రెండు పేర్లూ తూకం వేసినట్టు సమంగా చెక్కి ఇచ్చాను. చేతులు బొబ్బలెక్కాయి. కానీ అప్పటికి మంత్రిగారు విదేశాలకి వెళ్లిపోయారు. వచ్చాక సమావేశాలు అన్నారు. ఆ తర్వాత ఇద్దరు మంత్రులకీ మాటల్లేవు అన్నారు.

“వాళ్లకి ముందునుంచీ పడదు బావా. నీ రాయి ఒక సాకు, అంతే” అన్నాడు మా బావమరిది.

సాకే కావచ్చు. కానీ ఆ సాకు నేనే చెక్కి వాళ్ల చేతికిచ్చాను కదా. మా ఆవిడ ఒక్కసారి కూడా ‘నేను చెప్పలేదూ’ అనలేదు. ఉతికి దాచిన సంచి మళ్లీ తీసింది. తిట్టినా బాగుండేది.

ఆసుపత్రి సూపరింటెండెంటు దగ్గరకి వెళ్లాను. కాళ్లరిగేలా తిరిగాను.

“తలుపుకి కట్టిన ఆ రిబ్బను ఊడకుండా నేను పక్కకి పెడతాను సార్, మళ్లీ నేనే కడతాను. ఈ ఊళ్లో ఈ జబ్బువాళ్లు తొమ్మిది మంది ఉన్నారు. తలుపు తీయండి” అన్నాను.

ఆయన మంచివాడు. కిటికీ దగ్గరకి తీసుకెళ్లి చూపించాడు. నాలుగు మిషన్లూ ప్లాస్టిక్ ముసుగులు వేసుకుని కూర్చున్నాయి. నడిపే మనిషి రోజూ వచ్చి, వాటి దుమ్ము తుడిచి, సంతకం పెట్టి వెళ్తున్నాడు.

“తాళంచెవి నా సొరుగులోనే ఉందయ్యా. పైవాళ్ల మాట లేకుండా తీశాననుకో, రేపు నన్ను ఏ మూలకి విసిరేస్తారో తెలీదు. నాకూ పిల్లలున్నారు” అన్నాడు.

కడుపు మండుతుంటే ఇంటికొచ్చి టీవీ పెట్టాను. అందులో మా మంత్రులే, పేదల కోసం ప్రాణాలిస్తామని ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. ప్రాణాలు ఎవరడిగారయ్యా, ఒక్క పూట తీరిక చేసుకుని రండి!

వాయిదా పడ్డ ఆరో నెలలో ప్రభుత్వం పడిపోయింది. ఎన్నికలొచ్చాయి. మా ఆవిడ స్టూలు పట్టుకెళ్లి, క్యూలో అది జరుపుకుంటూ, రెండు గంటలు కూర్చుని ఓటేసి వచ్చింది.

“ఎందుకే ఈ వెధవలకి?” అన్నాను.

“ఈసారి వచ్చేవాడైనా తలుపు తీస్తాడేమోనని” అంది.

కొత్త మంత్రీ, కొత్త సహాయ మంత్రీ వచ్చారు. రాయి అరగదీసి కొత్త పేర్లు చెక్కాను, తారీఖు మాత్రం ఇవ్వలేదు. మూడు నెలలు తిరక్కుండా పాత మంత్రి పార్టీ మారి, కొత్తవాళ్లలో కలిసి, అదే కుర్చీలో వచ్చి కూర్చున్నాడు. రాయి మళ్లీ అరగదీసి పైన పాత పేరే చెక్కాను. రాయి పలచబడిపోయింది గానీ వీళ్లకి సిగ్గు రాలేదు. మా బావమరిది కూడా జెండా రంగు మార్చుకుని వచ్చాడు, తల దించుకుని.

“నిన్న తిట్టినవాళ్లకి ఇవాళ జై కొడుతున్నావు, నాలుక పీకదురా?” అని నేను ఎగిరాను.

“అక్క కోసమే బావా. నేను దగ్గరుంటేనే కదా ఆయన చెవిన వేసేది” అన్నాడు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

మా ఆవిడ నవ్వింది. అప్పటికి ముఖమంతా పాలిపోయింది, నవ్వు ఒక్కటే మిగిలింది.

“ఈసారి జాగా వదలకండి. తేదీ కూడా మీరే వేసేయండి. రాయి మీద పడ్డాక రాక ఏం చేస్తారు?” అంది.

వాయిదా పడ్డాక పదకొండో నెల వచ్చింది. ఆ రోజు పద్నాలుగో తారీఖు. నాకు చేతిలో పనుంది, వెళ్లలేదు. సాయంత్రం బస్సు ఆసుపత్రి ఎదురుగానే ఆగుతుంది. ఆవిడకి ఎదురు వెళ్తుంటే కుట్టుపనావిడ కేకలు విని పరుగెత్తాను. బస్సు ఆగి ఉంది, ఎవరూ దిగడం లేదు. మా ఆవిడ ఆమె భుజం మీద తల ఆనించి ఉంది.

“నిద్రపోయిందనుకున్నాను అన్నయ్యా. భుజం నొప్పెడుతున్నా కదల్లేదు, లేస్తుందేమోనని. మనూరొచ్చింది, దిగుదాం అని లేపితే...” అంటూ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

కిటికీలోంచి ఎదురుగా ఆ గది కనపడుతోంది. తలుపుకి ఎండకి వెలిసిపోయిన రిబ్బను.

తర్వాత పది రోజులు ఏం జరిగిందో నాకు సరిగా గుర్తులేదు. పీఏ దగ్గర్నుంచి కబురొచ్చింది. ఇరవై ఆరున ప్రారంభం, ఈసారి ఖాయం, తేదీ చెక్కి రమ్మని. వెళ్లనని తలుపేసుకున్నాను. కుట్టుపనావిడ వచ్చి గుమ్మంలో నిలబడింది. భుజాన బస్సు సంచి ఉంది. ఉలీ సుత్తీ తీసుకుని బయల్దేరాను.

రాయి అప్పటికే గోడలో ఉంది. తేదీ రాసిన కాగితం ముందు పెట్టుకున్నాను. కూర్చుని చెక్కాను. ఎన్నేళ్లుగానో చేస్తున్న పని, చెయ్యి దానంతట అదే పోతుంది. రంగు నింపాను. దుమ్ము దులిపి, రెండడుగులు వెనక్కి వేసి చూశాను.

పద్నాలుగు అని ఉంది.

నెల సరిగానే ఉంది, సంవత్సరం సరిగానే ఉంది. తారీఖు ఒక్కటే పద్నాలుగు. ముప్పై ఏళ్లలో నా చెయ్యి తప్పినా రాయి మీద తప్పు పడలేదు, చూసే మనిషి ఉండేది కాబట్టి. చెబితే రాయి ఊడదీయాలి, అరగదీయాలి, మళ్లీ వాయిదా. అరంగుళానికి పదకొండు నెలలు పోయాయి. పన్నెండు రోజుల తప్పుకి ఎన్ని నెలలు పోతాయో? ఆ బస్సులో ఇంకా ఎనిమిది మంది తిరుగుతున్నారు. తెర కట్టేవాడు నిచ్చెన పట్టుకుని వచ్చాడు.

“అయిపోయిందా, కప్పేయనా?” అన్నాడు.

“కప్పెయ్” అన్నాను.

మర్నాడు మంత్రిగారు మూడు గంటలు ఆలస్యంగా వచ్చారు. ఈ ఊరి ఆడపడుచుల కన్నీళ్లు తుడవడానికే పుట్టానన్నారు. నేను జనంలో వెనక నిలబడి, చెమటలు కక్కుతూ ఒక్కటే కోరుకున్నాను, ఎవరి కంటా పడకూడదని. తెర తాడు పట్టుకుని మా బావమరిది ఆయన పక్కనే ఉన్నాడు. తాడు లాగారు. అందరూ తలెత్తారు. మంత్రిగారు పై నుంచి చదివారు, తన పేరు దగ్గర ఆగి నవ్వారు. సహాయ మంత్రి తన పేరు దగ్గర ఆగారు. పీఏ కళ్లతోనే రెండు పేర్లూ కొలిచి, సరేనన్నట్టు తలూపాడు. సూపరింటెండెంటు చప్పట్లు కొట్టాడు. పేపరువాళ్లు ఫొటోలు తీశారు. ఒక్కడి చూపూ కిందికి రాలేదు.

మా బావమరిది మాత్రం కింద నుంచి మొదలుపెట్టాడు. వాడికి అలాగే వచ్చు చదవడం. మొదటి వరసలోనే ఆగిపోయాడు. జనంలో నాకోసం వెతికాడు. వద్దు అని తల అడ్డంగా ఊపాను. వెనకనుంచి ఎవరో “జై కొట్టవేంరా” అని వాడి వీపు తట్టారు. నోరు తెరిచాడు, గొంతు రాలేదు.

రిబ్బను కత్తిరించారు. కుట్టుపనావిడ అందరికన్నా ముందు లోపలికి వెళ్లింది. గుమ్మం దాటుతూ ఒక్కసారి వెనక్కి తిరిగి, పక్కన ఎవరైనా ఉన్నారేమోనన్నట్టు చూసి, మళ్లీ తిరిగింది.

కార్లు వెళ్లిపోయాక నేనూ వాడూ రాయి కింద మెట్టు మీద కూర్చున్నాం.

“చెయ్యి తప్పిందిరా” అన్నాను.

“అక్క ఉంటే పట్టేసేది బావా.”

“మొదటి అంకెకే పట్టేసేది.”

వాడు మోకాళ్లలో ముఖం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. అరంగుళం చూడ్డానికి టేపు తెచ్చారు కదరా, మా మనిషి పోయిన రోజు అక్కడ అంత పెద్ద అక్షరాల్లో ఉంటే ఒక్కడికీ కనపడలేదా? ఎవరూ చదవని రాయి కోసమా నా భార్యని పదకొండు నెలలు బస్సులో తిప్పారు? గోడతో చెప్పుకున్నట్టు ఆ రాయికే ఇదంతా గట్టిగా అన్నాను. లోపలినుంచి మిషను చప్పుడు వినిపిస్తోంది. ఆ తర్వాత నేనూ ఏడ్చాను.

రాయి ఇంకా అక్కడే ఉంది. ఇప్పటిదాకా ఎవరూ తప్పు పట్టలేదు. మీరెప్పుడైనా అటు వెళితే కింద నుంచి చదవండి.