పియానో పక్కన తప్పెట

ఆదోని చర్చిలో కూతురి పెళ్లికి తన తప్పెట మోగాలని ఇస్సాకు కోరిక. ఊళ్లో ఎంతమంది పెళ్లిళ్లకో వాయించినవాడు, సొంత బిడ్డ పెళ్లికి చేతులు కట్టుకుని కూర్చోవాలా?

సంఘపెద్ద ఇశ్రాయేలు ఒప్పుకోలేదు.

"దొరసాని వదిలిపోయిన పియానో ఉండాది ఈడ. అది పెద్దోళ్ల సంగీతం. దాని పక్కన తోలు కొడితే మర్యాదేముంటాది? ఎమ్మిగనూరు నుంచి మగపెళ్లోళ్లు వస్తాండారు, నవ్విపోతారు."

"వాళ్లు మాత్రం జమీందార్లా అన్నా? మగ్గం నేసేటోళ్లే గదా."

"అందుకే పియానో ఇనిపించాల."

పెళ్లి దగ్గర పడగా ముసురు పట్టింది. పియానో మెట్లు చెమ్మకు ఉబ్బి, నొక్కితే లేవడం మానేశాయి. వాయించే టీచరమ్మ కృపమ్మ తల పట్టుకుంది. ఇస్సాకుకు అదంత పెద్ద సంగతిగా తోచలేదు. వానాకాలం తప్పెట మెత్తబడితే మంట దగ్గర కాస్తాడు, మళ్లీ కంగుమంటుంది. మధ్యాహ్నం చర్చిలో ఎవరూ లేనప్పుడు కుంపటి నిండా పిడకల నిప్పు తెచ్చి పియానో కిందికి తోశాడు.

కాసేపటికి నల్లటి పాలిషు బొబ్బలెక్కింది.

వాసనకు కృపమ్మ పరుగున వచ్చి కొంగుతో కుంపటి పట్టి లాగింది. "ఇదేమన్నా నీ తప్పెటా ఇస్సాకన్నా, కాసేదానికి!"

"చెమ్మకు పట్టేసిందంటివి గదమ్మా."

ఆమెకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ఇశ్రాయేలు కేకలేస్తూ వచ్చేసరికి, లోపల ఏమైనా కాలిందేమోనని ముందుచెక్క ఊడదీస్తోంది.

ముగ్గురూ తొంగిచూశారు. ఏమీ కాలలేదు. వరుసగా తీగలు, వాటి ముందు మెట్టుకొకటిగా చిన్న చిన్న సుత్తులు, తలలకు దట్టంగా ఉన్ని. కృపమ్మ లేచే మెట్టొకటి వెతికి నొక్కింది. సుత్తి వెళ్లి తీగను కొట్టి వెనక్కి పడింది.

"ఇంగోసారి నొక్కమ్మా," అన్నాడు ఇస్సాకు.

నొక్కింది.

"అన్నా, ఇదీ కొట్టేదే గదా," అన్నాడు మెల్లగా. "నాది బయటికి కనపడతాది. దీనిది లోపల దాచినారు."

ఇశ్రాయేలు కళ్లద్దాలు తుడుచుకుని చూశాడు. ఇన్నేళ్లలో ఆ పియానో మూత కూడా తాకినవాడు కాదు. వేలు చాపి తనూ ఒక మెట్టు నొక్కాడు. సుత్తి కదిలింది. మళ్లీ నొక్కాడు.

"పాలిషు చెడగొట్టితివి," అన్నాడు చివరికి. "సరే, తీస్కరా నీ తప్పెట. మెల్లగ కొట్టాల."

"టీచరమ్మ ఎంత గట్టిగ కొడితే నేనూ అంతే," అన్నాడు ఇస్సాకు.