స్తంభం మీద చంద్రమ్మ గీత

అమీర్‌పేటలో కోచింగు సెంటర్లు తలుపులు తీయకముందే చంద్రమ్మ పొయ్యి వెలిగిస్తుంది. అరవై మంది ఆడపిల్లలుండే హాస్టలు. ఇడ్లీ ఎక్కించాలి, చట్నీకి పల్లీలు వేయించాలి, అన్నానికి ఎసరు పెట్టాలి. పదిహేనేళ్లుగా ఇదే పని. ఈ మధ్య మాత్రం ముందు పీట లాక్కుని, దాని మీదెక్కి, ఆ తర్వాతే గరిటె పట్టుకుంటోంది. చంద్రమ్మ పొట్టిదైపోతోంది మరి.

ముసలితనం కదా, నడుం వంగిందేమో అనుకునేరు. కాదు. పంజగుట్ట సందులో ఉన్న వాళ్ల చర్చిలో మనుషులు అసలు ఎదిగేదే వయసొచ్చాక. నిజమూ ప్రేమా రెండూ ఒంటబట్టినవాళ్లు అరవై దాటినా ఏటా వేలి మందం పెరుగుతారు, అబద్ధం మోసేవాళ్లు తరుగుతారు. అందుకే పుట్టినరోజున్న నెలలో మొదటి ఆదివారం, కృతజ్ఞత కానుక వేశాక, వాకిలి పక్క స్తంభానికి ఆనించి నిలబెట్టి, తలమీద చెక్క స్కేలు పెట్టి గీత గీస్తారు. పెరిగితే చప్పట్లు. తరిగితే ఎవరూ ఏమీ అనరు. ఏమీ అనకపోవడం కంటే నాలుగు తిట్టడం నయం.

పాటలెత్తుకునే రాఘవేందర్ ఏం దాచుకున్నాడో ఎవరికీ చెప్పలేదు. తరిగి తరిగి, పోయిననాడు పసిపిల్లల శవపెట్టె సరిపోయింది. ఆ పెట్టె చంద్రమ్మ కళ్లలోంచి పోలేదు. ఏటా కాస్త కాస్త దిగుతున్న తన గీత పోయినేడు ఏకంగా రెండు వేళ్లు దిగినప్పటి నుంచి ఆమెకు అన్నం సయించడం లేదు.

ఎందుకు తరుగుతోందో ఆమెకు తెలుసు. ఎనిమిదేళ్ల కింద వేడి గంజి గిన్నెను గట్టు అంచున పెట్టింది తనే. రవళి అనే పిల్ల మంచినీళ్లకని వచ్చి తగిలింది, గంజంతా కాళ్ల మీద పడింది. ఓనరు కుసుమకుమారిగారు పరుగెత్తుకొచ్చి, "ఏంటిది? ఎవరు పెట్టారిక్కడ?" అని అరిస్తే, చంద్రమ్మ తనతోపాటు వంటింట్లో పనిచేసే లచ్చమ్మ పేరు చెప్పేసింది. పక్కనే ఉల్లిగడ్డలు తరుగుతున్న లచ్చమ్మ బిత్తరపోయి నోరు తెరిచేలోగా పని పోయింది. అప్పటి నుంచి నాలుగిళ్లలో అంట్లు తోముకుని బతుకుతోంది.

లచ్చమ్మదీ అదే చర్చి. ఏటా పెరిగి పెరిగి, ఇప్పుడు వాకిట్లో తల వంచుకుని రావాల్సినంత పొడగరి అయింది. అందుకని స్కేలు ఆమె చేతికిచ్చారు. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల జరిగే ప్రతి ఆదివారం తనే ముందొచ్చి, "వందనాలక్కా" అని చెయ్యి కలుపుతుంది. ఆ చెయ్యి తగలగానే చంద్రమ్మ తన చెయ్యి లాక్కుని కొంగులో దాచుకుంటుంది.

ఈ ఏటి ఆదివారం రానే వచ్చింది. ఎత్తు చెప్పులు వేసుకుందామంటే గడప బయటే విప్పాలి. చంద్రమ్మ ఆలోచించి ఆలోచించి, పాత తువ్వాలు మడిచి కొప్పులో కుక్కి, పైన కొంగు కప్పుకుంది. ఆహా, ఏం తెలివి!

స్తంభానికి ఆనుకుంది. స్కేలు తల మీదికి దిగి, మెత్తగా కుంగింది. లచ్చమ్మ వేళ్లు కొంగు మీద తడిమి ఆగిపోయాయి. అయిపోయింది, అనుకుంది చంద్రమ్మ. కాళ్లు గజగజలాడాయి.

లచ్చమ్మ చెవి దగ్గరికి వంగింది. "ఫికర్ చెయ్యకక్కా. నేను గీస్త గద. గమ్మునుండు." తర్వాత గొంతు పెంచి, పాస్టరుగారికి వినబడేలా "పోయినేటికంటె తక్కువ లేదు, అయ్యగారూ!" అంటూ తువ్వాలు పైన పెన్సిలు ఆనించింది.

చంద్రమ్మ గండం గడిచిందని ఊపిరి తీసుకోబోతూ కిందికి చూసింది. మడమల పైన ఉండే లచ్చమ్మ చీర అంచు నేలను తాకింది. చూస్తుండగానే కుచ్చిళ్లు పాదాల మీద కుప్పపడుతున్నాయి. స్కేలు పట్టిన చెయ్యి మెల్లగా కిందికి దిగుతోంది. చంద్రమ్మకు మళ్లీ ఆ చిన్న పెట్టె కళ్లముందుకొచ్చింది. ఈసారి అందులో లచ్చమ్మ ఉంది.

"వద్దే లచ్చమ్మా!" కొంగు లాగి, తువ్వాలు పీకి అందరి ముందు నేలకేసి కొట్టింది. "దొంగ గీత అయ్యగారూ, చెరిపెయ్యుండ్రి! ఆనాడు గంజి గిన్నె ఆడ పెట్టింది నేను. నా పని పోతదని భయపడి గీమె పేరు చెప్పిన. ఎనిమిదేండ్ల సంది గీమె చెయ్యి పట్టుకొని వందనాలు చెప్తున్న, సిగ్గులేక."

లచ్చమ్మ స్కేలు దించింది.

"నాకెర్కేనక్కా," అంది లచ్చమ్మ.

"ఎర్కైతే ఎందుకు చెప్పకపోతివే?"

"నువ్వే చెప్తవని చూసిన. గియ్యాల నీ కాళ్లు వణుకుతుంటె ఓర్వలేకపోయిన." లచ్చమ్మ ఏడుస్తోంది. చంద్రమ్మ ఆమె కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుంది.

అయ్యగారు స్కేలు తీసుకుని ఉన్నదున్నట్టు గీశారు. మూడు వేళ్లు తక్కువ. చప్పట్లు లేవు.

సోమవారం చంద్రమ్మ ఓనరుకూ చెప్పేసింది. కుసుమకుమారిగారు, "ఏంటి చంద్రమ్మా, ఇన్నాళ్లకా? ముందు రవళికి ఫోన్ చేసి నీ నోటితో నువ్వే చెప్పు. లచ్చమ్మని పిలువు. ఇకనుంచి పొయ్యి ఆమెది, నువ్వు కూరగాయలు తరుగు," అన్నారు. ఫోన్లో రవళి తిట్టిన తిట్లన్నీ చంద్రమ్మ నిలబడే విన్నది.

నెల తిరిగింది. ఒకనాడు పప్పు ఉడుకుతుంటే లచ్చమ్మ, "అక్కా, జర ఉప్పు అందియ్యి," అంది. చంద్రమ్మ ఏదో పరధ్యానంలో లేచి, పై అలమరలోంచి ఉప్పు డబ్బా తీసిచ్చి, మళ్లీ బెండకాయల ముందు కూర్చుంది.

లచ్చమ్మ చూసింది. పీటను కాలితో గట్టు కిందికి నెట్టేసింది.