సబ్బు వాసన డబ్బు

రోజూ పాపని బడికి పంపి, ఆమె కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. చిరిగిపోయిన పాత ఫొటోలు బాగుచేయడం ఆమె పని. పని ఇచ్చేవాళ్లు ఎక్కడెక్కడివాళ్లో. డబ్బు మాత్రం పేరు దాచే రకం క్రిప్టో కాయిన్లలో పంపుతారు. ఫోన్‌లోని వాలెట్‌కి డిపాజిట్ వచ్చిందని తెలుస్తుందే గాని, పంపిందెవరో దేవుడికి కూడా తెలియదు. కాకపోతే వాళ్ల చేతుల వాసన వెంట వచ్చేస్తుంది. ఒకరిది రంగుడబ్బాల వాసన, ఇంకొకరిది తడిసిన కుక్క వాసన. కుక్క డబ్బు వచ్చినప్పుడల్లా ఆమె తల్లి సణుగుతూ వెళ్లి కిటికీ తెరుస్తుంది.

ఈమధ్య ఒక కొత్తవాడి డబ్బు మాత్రం ఉత్త సబ్బు వాసనతో వస్తోంది. పంపే ఫొటోలన్నీ ముక్కూ మొహం తెలియని జనానివి.

"ఇంతగా చేతులు కడుక్కుని పంపేవాడు మంచివాడు కాడే," అంది తల్లి.

ఆమె నవ్వేసి పనిలో పడింది. ఆ డబ్బూ కావాలి మరి. మొగుడు ఆమెనీ పాపనీ గాలికి వదిలేసి వెళ్లిపోయాడు. భరణం కోసం కేసు వేస్తే, ఉద్యోగం పోయింది, చేతిలో చిల్లిగవ్వ లేదని కోర్టుకి రాసిచ్చాడు. అబద్ధానికి కాళ్లుండవంటారు గాని, ఆయనగారి అబద్ధాలకి బూట్లు కూడా ఉంటాయి.

తీర్పు చెప్పేముందు జడ్జిగారు ఇద్దరినీ తన గదికి పిలిచింది. మొగుడు మెడ పట్టేసిందంటూ నొప్పి బామ్ రుద్దుకుంటూ వచ్చి కూర్చున్నాడు. పెళ్లాం వంక చూడనైనా చూడలేదు. ఈవిడకి బోలెడు సంపాదన ఉంది, భరణం దండగ, కావాలంటే వాలెట్ తెరిపించండి అని అతని లాయరు అందుకున్నాడు. ఆమె ఫోన్ తెరిచి బల్ల మీద పెట్టింది. మొగుడి చెయ్యి బల్ల కిందికి పోయింది. కాసేపటికి ఫోన్ టింగుమంది. కొత్త డిపాజిట్, పక్కనే తాళం బొమ్మ.

"చూశారా, మన కళ్లముందే తాళం వేసి దాచేస్తోంది," అన్నాడు లాయరు.

అది తను వేసిన తాళం కాదనీ, ఈ కాయిన్ వచ్చాక కాసేపు దానంతటదే లాక్‌లో ఉంటుందనీ ఆమె చెప్పబోయింది. లాయరు వింటేగా. ఇలాంటివి నెలల తరబడి వస్తున్నాయనీ, ఎప్పుడెంత వచ్చిందో తేదీలతో సహా చెప్పగలననీ రెచ్చిపోయాడు.

"పంపినవాళ్లకీ ఈవిడకీ తప్ప తెలియని సంగతి మీకెలా తెలిసింది?" అని అడిగింది జడ్జిగారు.

ఈలోగా ఫోన్‌లోంచి వాసన లేచింది. బామ్ ఘాటు. పాపం, బల్ల కింద చేతులు కడుక్కునే వీలెక్కడిది? జడ్జిగారు ఫోన్ మీదికి వంగి ఒకసారి, అతని వైపు వంగి ఒకసారి వాసన చూసింది.

పెళ్లానికి ఒళ్లు మండిపోయింది. సొంత బిడ్డకి పాలడబ్బా కొనని మనిషి, ఆ బిడ్డ నోటి దగ్గర కూడు లాగెయ్యడానికి ఇన్నాళ్లూ డబ్బు తగలేశాడన్నమాట.

"చిల్లిగవ్వ లేదన్నారు. మరి ఇదెక్కడిది?" అంది జడ్జిగారు.

"అది ఊరికే... ఈవిడకి సంపాదన ఉందని రుజువు కోసం పంపిందండీ," అన్నాడు మొగుడు. లాయరు కుర్చీ కాస్త పక్కకి జరుపుకున్నాడు.

"మంచిది, రుజువైంది. ఇకమీదట ఆ పంపేదేదో నెలనెలా పాపకి పంపండి. బ్యాంకులో, మీ పేరు కనబడేలా."