పన్నెండో గుడ్డు

ఉమ్మడి పెరటి చుట్టూ ఉన్న ఐదిళ్ళవాళ్ళూ కలిసి ఏడు కోళ్ళను పెంచుకునేవారు. మేతకూ గూటి మరమ్మతుకూ అయ్యే ఖర్చు తలా ఇంత; రోజూ చల్లే మేత తలకో గుప్పెడు. తలలు లెక్కపెట్టే శ్రమ ఎవరికీ ఉండేది కాదు. ఆ ఇళ్ళకు చెందినవారిలో బతికున్నవారు ఎందరో, ఆ ఏడు కోళ్ళూ రోజూ అన్ని గుడ్లే పెట్టేవి. నర్సుకు బిడ్డ పుట్టిన ఉదయం ఒకటి పెరిగింది. పద్దు చూసే మాస్టారి తండ్రి పోయిన ఉదయం ఒకటి తగ్గింది.

పెరట్లో తిరిగే మనుషులు పదకొండుమంది. గుడ్లు పన్నెండు. ఆ పన్నెండోది, తొమ్మిదేళ్ళ కిందట ఇప్పుడే వస్తానని వెళ్ళి తిరిగిరాని మనిషిది. ఆయన భార్య, బట్టలు కుట్టే ఆవిడ, నెలనెలా రెండు వంతులు కట్టేది.

చివరింటి వడ్రంగి ఆవిడను పెళ్ళాడాలనుకున్నాడు.

"ఆయన పేరు చెప్పి ఇంకా ఎన్నాళ్ళు మేపుతావు?"

"గుడ్డు కళ్ళ ముందుంటే ఎలా మానను?"

"నువ్వు కడుతున్నావు కాబట్టే ఉంటోంది. ఒక్క నెల మాని చూడు."

ఒకటో తారీకున ఆవిడ ఒక్క వంతే తెచ్చింది. మాస్టారు కళ్ళజోడు తీశారు.

"బాగా ఆలోచించుకున్నావా అమ్మా?"

"తొమ్మిదేళ్ళు ఆలోచించాను."

"కట్టకపోతే కోళ్ళేమన్నా కోర్టుకెక్కుతాయా మాస్టారూ!" అంది నర్సు. అందరూ నవ్వారు. మాస్టారు మేతలోంచి ఒక గుప్పెడు తీసి డబ్బాలో పోసేశారు.

మర్నాడు గుడ్లు పదకొండు. ఆవిడ మోచేతి దాకా గడ్డిలో చెయ్యి పెట్టి వెతికింది. ఆ మనిషి ఎక్కడో తన వేళకు తాను పోయాడో, ఆ గుప్పెడు గింజలతోనే పోయాడో చెప్పగలవారెవరు? మనం ఒకరిని భరించడం మానేసిన రోజుకూ, వారు లేకుండాపోయిన రోజుకూ నడుమ దూరాన్ని ఇంతవరకు ఎవరూ కొలవలేదు.

ఆవిడ పరుగున వెళ్ళి రెండో వంతు తెచ్చింది. మాస్టారు పన్నెండో గుప్పెడు చల్లారు. కోళ్ళు పదకొండు గుప్పెళ్ళు తిని, ఆ గింజల చుట్టూ తిరిగిపోయాయి.

"ఇక అక్కర్లేదమ్మా," అన్నారాయన, డబ్బు వెనక్కిస్తూ.

నెల తిరిగాక ఆవిడ వడ్రంగి పెళ్ళిచొక్కాకు కొలతలు తీస్తోంది. అతడు చేతులు చాచి నిలబడి, గోడవైపే చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

"ఒక్క మాట. పెళ్ళయ్యాక నా వంతు నువ్వు కట్టకు. నేనే కట్టుకుంటాను."

టేపు అతడి భుజం మీద కాసేపు ఆగింది. ఆ కొలత ఆవిడ రాసుకోలేదు.